శ్రీపురం, నవ రాయ్‌పుర్: ఒక రాజధానిని చదివే విధానం

భిలాయి సెక్టర్ 6 నుండి తూర్పుగా బయలుదేరిన యాత్రికునికి ఒకే రోజులో రెండు రాజధానులు ఎదురవుతాయి. రాయ్‌పుర్ దాటగానే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం తన పరిపాలన కోసం కట్టుకున్న నవ రాయ్‌పుర్ కనిపిస్తుంది. అక్కడి నుండి ఇంకా తూర్పుగా సాగితే, రాయ్‌పుర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, మహానది ఒడ్డున సిర్పుర్ గ్రామం ఉన్నది. అదే పూర్వపు శ్రీపురం, దక్షిణ కోసలకు రాజధాని. ఒకటి పదమూడు వందల సంవత్సరాల నాటి ఇటుకల నగరం. మరొకటి నిన్న మొన్నటి కాంక్రీటు నగరం. బయలుదేరిన భిలాయి కూడా పుట్టుకతోనే ప్రణాళిక ప్రకారం కట్టిన ఊరే.

ఇటువంటి యాత్రలో మనం సాధారణంగా శిఖరాల ఎత్తును, ద్వారశిల్పాల అందాన్ని, వీధుల వెడల్పును చూసి వస్తాము. ఈ వ్యాసం మరొక విధమైన చూపును ప్రతిపాదిస్తున్నది. ఒక కట్టడాన్ని ఎవరు కట్టించారన్న ప్రశ్నతో ఆగక, అందులో నివసించేవారికి అన్నం ఎక్కడి నుండి వచ్చేది, గోడ కూలితే బాగు చేయించే బాధ్యత ఎవరిది అనే రెండు ప్రశ్నలు కూడా వేయాలి. శ్రీపురంలో దొరికిన శాసనాలు ఈ రెండింటికీ సూటిగా సమాధానం చెబుతున్నాయి. వారసత్వ పరిశోధకులకు, భిక్షువులకు ఆ సమాధానం నేటికీ అవసరమైనదే.

ఇటుకల రాజధాని

శ్రీపురం మొదట శరభపురీయులకు, తరువాత పాండువంశీయులకు రాజధాని. పాండువంశంలో తీవరదేవుడు విష్ణుభక్తుడు. ఆ తరువాతి కాలపు మహాశివగుప్త బాలార్జునుడు పరమమాహేశ్వరుడు. ఇతని పాలన యాభైయేడవ సంవత్సరపు తామ్రశాసనం కూడా లభించింది కనుక, అతడు అర్ధ శతాబ్దికి పైగా రాజ్యం చేసినట్లు నిశ్చయంగా చెప్పవచ్చును. అతని కాలనిర్ణయంలో పండితులకు భేదాభిప్రాయాలు ఉన్నా, ఏడవ శతాబ్దానికి చెందినవాడని చెప్పేవారే ఎక్కువ. నేడు సిర్పుర్‌లో కనబడే ముఖ్య కట్టడాలలో అధిక భాగం ఇతని కాలంతో ముడిపడినవే.

వీటిలో మొదట చూడవలసినది లక్ష్మణ దేవాలయం. పేరు అర్వాచీనమైనది. నిజానికి అది విష్ణ్వాలయం. ఎత్తైన రాతి అధిష్ఠానం మీద ఇటుకలతో గర్భగృహమూ శిఖరమూ లేచినవి. ద్వారబంధం మాత్రం రాతిది. దాని పైకమ్మీ మీద శేషశాయి విష్ణువు, పక్క కమ్మీల మీద అవతారాలు చెక్కబడినవి. ముందరి మండపం కూలిపోయి స్తంభాల మొదళ్ళు మాత్రమే మిగిలినవి. ఇటుక పనివాని నేర్పు శిఖరం మీది గవాక్షాలలోనూ, గోడలలోని మూసిన కిటికీలలోనూ తెలుస్తుంది. రాతి మీద ఉలి చేసే పనిని ఇక్కడ ఇటుక మీద చేశారు. ఆంధ్రదేశంలో పలనాటి సున్నపురాతి ఫలకాల చెక్కడానికి అలవాటు పడిన కంటికి ఈ పనితనం కొత్తగా తోస్తుంది.

ఈ ఆలయాన్ని కట్టించినది బాలార్జునుని తల్లి వాసట. ఆమె మగధకు చెందిన వర్మ వంశపు సూర్యవర్మ కుమార్తె. భర్త హర్షగుప్తుడు మరణించిన తరువాత అతని స్మృతికై హరికి ఈ నిలయాన్ని కట్టించింది. ఈ సంగతులన్నీ ఆలయ శిథిలాలలో దొరికిన శిలాశాసనం వల్ల తెలిసినవి. అయితే ఆ శాసనంలో ప్రశస్తి కన్న విలువైన భాగం ఒకటి ఉన్నది. ఆలయానికి ఇచ్చిన గ్రామాల ఆదాయాన్ని భాగాలుగా పంచి, ఒక భాగం సత్రంలో అన్నదానానికి, ఒకటి ఆలయంలో పగిలినవీ విరిగినవీ బాగుచేయడానికి, ఒకటి ఆలయ పరిచారకుల పోషణకు, మిగిలినది బ్రాహ్మణులకు అని అది నిర్ణయిస్తున్నది. బ్రాహ్మణుల వాటా వంశపారంపర్యమే అయినా, దానిని అనుభవించేవారు విద్యావంతులై, జూదం వంటి వ్యసనాలు లేనివారై ఉండాలని నియమం విధించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. ఆలయం కట్టిన రోజుననే అది ఒకనాడు పగులుతుందని కట్టించినవారు గుర్తించారు. మరమ్మతుకు అవసరమైన ధాన్యాన్ని ముందుగానే వేరుచేసి పెట్టారు. శిల్పసౌందర్యం గురించి ఎన్ని పుటలు రాసినా, ఈ ఒక్క నిర్ణయాన్ని గమనించకపోతే ఆ కట్టడాన్ని సగమే చదివినట్లు.

ఆనందప్రభుని కుటీవిహారం

బౌద్ధ పాఠకులకు సిర్పుర్‌లో ప్రధానమైనది ఆనందప్రభు కుటీవిహారం. 1953 నుండి 1956 వరకు ఎం. జి. దీక్షిత్ నిర్వహించిన తవ్వకాలలో ఇది వెలుగు చూసింది. ఆ తవ్వకాలలోనే స్వస్తికాకారపు ప్రణాళిక గల మరొక విహారం కూడా బయటపడి, స్వస్తిక విహారమనే పేరు పొందింది.

కుటీవిహారపు ప్రణాళిక సరళమైనది. ద్వారం దాటగానే స్తంభాలు గల అంగణం. దాని చుట్టూ భిక్షువుల గదులు. ద్వారానికి ఎదురుగా, వెనుక వరుస నడుమ గర్భగృహం. అందులో భూమిస్పర్శ ముద్రలో కూర్చున్న బృహత్ బుద్ధప్రతిమ, పక్కన పద్మపాణి. మిగిలిన మెట్లను బట్టి పై అంతస్తు కూడా ఉండేదని తెలుస్తున్నది.

నాగార్జునకొండను ఎరిగిన పాఠకులకు ఇక్కడి మార్పు వెంటనే స్ఫురిస్తుంది. ఇక్ష్వాకుల విజయపురిలో స్తూపము, చైత్యగృహాలు, భిక్షువుల నివాసం సాధారణంగా ఒకే ప్రాకారంలోని వేరువేరు కట్టడాలు. శ్రీపురంలో ఆరాధ్యప్రతిమ నివాసంలోనికే వచ్చింది. భిక్షువు తన గది గడప దాటగానే అంగణానికి ఆవల బుద్ధమూర్తి కనబడేలా ఇల్లూ చైత్యమూ ఒకటైనవి. అజంతా మలిదశ విహారాలలో కనిపించే పద్ధతి ఇదే. అక్కడ కొండను తొలిచారు. ఇక్కడ ఇటుకతో పేర్చారు.

ఈ విహారపు శాసనం బాలార్జునుని కాలంలో ఆనందప్రభుడనే భిక్షువు ఈ కుటిని కట్టించి, ఇక్కడి భిక్షువుల కోసం సత్రాన్ని ఏర్పాటు చేసినట్లు చెబుతున్నది. ప్రతిదినం భిక్షువులకు అందవలసిన బియ్యం ప్రస్తావన కూడా అందులో ఉన్నది. వాసట శాసనంలో వలెనే ఇక్కడ కూడా కట్టడము, అన్నము ఒకే శిల మీద కలిసి నిలిచినవి.

మల్లార్‌లో దొరికిన బాలార్జునుని తామ్రశాసనం ఇదే విషయాన్ని మరొక వైపు నుండి చూపుతుంది. తన మేనమామ భాస్కరవర్మ విన్నపం మీద, తరదంశకంలోని చిన్న విహారంలో నివసించే చాతుర్దిశ భిక్షుసంఘానికి రాజు కైలాసపురమనే గ్రామాన్ని దానం చేశాడు. ఆ విహారాన్ని కట్టించినది అలకా అనే స్త్రీ. ఆమె కోరదేవుని భార్య. అనగా గృహిణి కట్టించిన విహారానికి శివభక్తుడైన రాజు పోషణ కల్పించాడు. ఆ రాజు తల్లి విష్ణ్వాలయం కట్టించింది. ఆ రాజ్యంలోని ఒక భిక్షువు తానే దాతయై కుటిని నిర్మించాడు. మతసామరస్యమనే ఒక్క మాటతో దీనిని ముగించడం సులభమే. కాని శాసనాలు సామరస్యం గురించి ఉపన్యసించవు. ఏ గ్రామం, ఎవరికి, దేని కోసం అన్నది చెప్పి ఊరుకుంటాయి. ఆ లెక్కలోనే ఆనాటి రాజధాని స్వభావం తెలుస్తుంది.

ఆ తరువాత 1999-2011 నడుమ ఎ. కె. శర్మ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలలో తీవరదేవ విహారంగా పిలువబడే కట్టడమూ, సురంగ్ టీలా ఆలయమూ బయటపడ్డాయి. తీవరదేవ విహార ద్వారబంధం మీద పంచతంత్ర కథలుగా గుర్తించిన శిల్పాలు ఉన్నవి. పంచతంత్రంలోని పలు కథలకు జాతకాలలో సోదర కథలు ఉన్నందున, ఈ ద్వారం దగ్గర జాతక పాఠకుడు కొంత సేపు నిలవడం మంచిది. సురంగ్ టీలాలో ఎత్తైన వేదిక మీదికి పోయే మెట్లు అలల వలె వంకరలు తిరిగినవి. అందుకు భూకంపమే కారణమని ఒక వాదం ఉన్నది.

సేనాసనము, భోజనము

శాసనాలలోని ఈ జంట ఏర్పాటు బౌద్ధసంఘానికి కొత్తది కాదు. వినయపిటకంలో దబ్బ మల్లపుత్త స్థవిరుని కథ భిక్షువులందరికీ తెలిసినదే. సంఘానికి నివాసాలు కేటాయించే సేనాసన పఞ్ఞాపకుని పని, భోజనాలు నిర్ణయించే భత్తుద్దేసకుని పని, రెండూ ఆయనకే అప్పగింపబడినవి. ఎవరు ఎక్కడ పడుకోవాలి, ఎవరు ఎక్కడ భుజించాలి అన్న రెండు ప్రశ్నలను ఒకే వ్యక్తి చూడడం యాదృచ్ఛికం కాదు. భోజనం ఏర్పాటు లేని నివాసం వానప్రస్థుని పర్ణశాల కావచ్చునేమో కాని సంఘారామం కాజాలదు.

అలాగే ఆరామము, విహారము, మంచము మొదలైన వాటిని వినయం గరుభండమని పేర్కొన్నది. వాటిని భిక్షువులు పంచుకోరాదు, ఎవరికీ ఇచ్చివేయరాదు. అవి ఎప్పటికీ సంఘానివే. ఒక భిక్షువు వర్షావాసం గడిపి వెళ్ళిపోతాడు. గది ఉండిపోతుంది. ఆ గదిని నిలిపే బాధ్యత కోసం నవకమ్మికుడనే అధికారి ఏర్పడ్డాడు. కొత్త నిర్మాణాన్నీ, పాత వాటి మరమ్మతునూ పర్యవేక్షించే భిక్షువు ఇతడు. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి శాసనం తన దానాల పట్టికను చెప్పి, ఆ పనులను నడిపించిన నవకమ్మిక స్థవిరుల పేర్లనూ, రాతిపనివాని పేరునూ కూడా నమోదు చేసింది. దాతతో పాటు పని చేయించినవారినీ, పని చేసినవారినీ స్మరించిన ఆ శాసనం మన శాసన సంపదలో విశిష్టమైనది.

యాత్రికుని వర్ణన, ఒక హెచ్చరిక

చీనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఏడవ శతాబ్దంలో కళింగ నుండి వాయవ్యంగా ప్రయాణించి కోసలకు చేరినట్లు రాశాడు. అక్కడి రాజు క్షత్రియుడు, బుద్ధధర్మాన్ని గౌరవించేవాడు. నూరు వరకు సంఘారామాలు, వాటిలో మహాయానాన్ని అనుసరించే వేలాది భిక్షువులు, సుమారు డెబ్బది దేవాలయాలు ఉన్నవని అతని కథనం. ఆపైన అతడు దక్షిణంగా సాగి ఆంధ్రదేశానికీ, అటుపై ధాన్యకటకానికీ వెళ్ళాడు. కనుక తెలుగు పాఠకులకు ఈ కోసల పరాయి దేశం కాదు. అది అమరావతికి పోయే దారిలోని మజిలీ.

నాగార్జునాచార్యుని కథను కూడా ఆ యాత్రికుడు ఇక్కడనే చెప్పాడు. సింహళం నుండి వచ్చిన ఆర్యదేవునికి ఆచార్యుడు నీటితో నిండిన పాత్రను పంపాడు. ఆర్యదేవుడు మాట్లాడక అందులో ఒక సూదిని వేశాడు. నిండు పాత్ర ఆచార్యుని జ్ఞానానికి, అడుగు దాకా చేరిన సూది శిష్యుని చొచ్చుకుపోయే బుద్ధికి గుర్తులు. శాతవాహన రాజు ఆచార్యునికై కొండను తొలిపించిన కథ కూడా ఆ ప్రకరణంలోనిదే.

అయితే ఇక్కడ పరిశోధకుడు జాగ్రత్త వహించాలి. హ్యూయెన్‌త్సాంగ్ కోసల రాజధాని పేరు చెప్పలేదు. అది సిర్పుర్ అని చాలామంది భావించినా, ఇతర స్థలాలను సూచించినవారూ ఉన్నారు. నూరు సంఘారామాలు యావద్దేశానికి చెప్పిన సంఖ్య. దానిని ఒక్క గ్రామానికి అంటగట్టి, ఆ యాత్రికుడు ఫలానా గదిలో బస చేశాడని చెప్పడం ఆధారం లేని మాట. సిర్పుర్‌కు అటువంటి అలంకారం అవసరం లేదు. ఆనందప్రభుని శిల, అలకా విహారం తామ్రపత్రం, 1939లో దొరికిన కంచు ప్రతిమలు దాని గౌరవానికి చాలును. ఆ ప్రతిమలలో కొన్ని రాయ్‌పుర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయంలో ఉన్నవి. సిర్పుర్‌కు చెందినదిగా గుర్తించిన తారామూర్తి ఒకటి అమెరికాలోని లాస్ ఏంజిలిస్ కళాసంగ్రహాలయంలో ఉన్నది.

అంకెల నగరాలు

ఇప్పుడు శ్రీపురం నుండి వెనుకకు, పడమటికి మరలుదాము. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల నడుమ కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారం పక్కనే కార్మికుల కోసం ఊరు లేచింది. అందులోని పేటలకు పేర్లకు బదులు అంకెలు పెట్టారు. సెక్టర్ అంటే కేవలం ఇళ్ళ గుంపు కాదు. నివాసం, బడి, అంగడి, ఆటస్థలం నడిచి చేరుకునే దూరంలో ఉండేలా కూర్చిన ఒక ప్రమాణం. తూర్పు కోస్తా నుండి వచ్చిన తెలుగు కుటుంబాలూ, బెంగాలు, కేరళ, పంజాబు, విదర్భల నుండి వచ్చిన కుటుంబాలూ ఒకే నమూనా క్వార్టర్లలో ఇరుగు పొరుగైనవి. సెక్టర్ 6లోని జామా మసీదు నిర్మాణాన్ని అరబ్బీ అక్షరాల ఆకృతిని తలపించేలా రూపొందించారు. ఒకే మూసలో పోసిన ఇళ్ళ నడుమ, ప్రతి సముదాయం తన ప్రార్థనాస్థలంలో తన రూపాన్ని నిలుపుకొన్నది.

క్వార్టరు కూడా ఒక విధంగా విహారపు గది వంటిదే. అది కార్మికునిది కాదు, సంస్థది. ఉద్యోగకాలం ముగిసిన నాడు తాళంచెవి అప్పగించి వెళ్ళవలసినదే. పోలిక ఇంతవరకే. భిక్షువు స్వేచ్ఛతో విడిచివెళ్ళే గదికీ, కుటుంబం తన జ్ఞాపకాలతో విడిచివెళ్ళే ఇంటికీ నడుమ ఉన్న భేదం చిన్నది కాదు.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించి రాయ్‌పుర్ రాజధాని అయింది. పాత నగరానికి ఆగ్నేయంగా, గ్రామాల పొలాల నడుమ నవ రాయ్‌పుర్‌ను సెక్టర్లుగా విభజించి కట్టడం ఆరంభించారు. 2012లో అక్కడ సచివాలయం ప్రారంభమైంది. దాని పేరు మహానది భవన్. శాఖాధిపతుల కార్యాలయాల పేరు ఇంద్రావతి భవన్. 2018లో ఆ నగరానికి అటల్ నగర్ అనే పేరు చేరింది. విశాలమైన దారులు, దూరదూరంగా నిలిచిన భవనాలు, నడుమ ఖాళీ నేల. చూచువానికి నగరం కన్న నగరపు పటం ముందుగా కనబడుతుంది.

శ్రీపురం మహానది ఒడ్డున వెలసినది. నేటి సచివాలయం మహానది పేరు ధరించినది. ఇది విమర్శ కాదు. మొదటిది నదిని ఆశ్రయించి బతికింది. రెండవది నదిని స్మరిస్తున్నది. ఏ రాజధాని అయినా మొదట పటంలోనే పుడుతుంది. అందులో నివసించేవారికీ, అక్కడి నేలకూ మధ్య నిత్యపోషణ సంబంధం ఏర్పడిన నాడే అది నగరమవుతుంది. ఆ సంబంధం తెగిన నాడు ఏమవుతుందో సిర్పుర్ దిబ్బలు చూపుతున్నవి.

మన ముందున్న పని

సిర్పుర్‌ను దర్శించే భిక్షువులకు, పరిశోధకులకు మూడు సూచనలతో ఈ వ్యాసాన్ని ముగించవచ్చును.

మొదటిది, గోడను చూసేటప్పుడు ఏది పాత ఇటుక, ఏది తవ్వకం తరువాత పేర్చిన ఇటుక అన్నది వేరు చేసుకోవాలి. కొలతలోను, రంగులోను, అతుకులోను భేదం తెలుస్తుంది. సంరక్షణ కోసం కొత్త వరుసలు పేర్చడం తప్పనిసరి కావచ్చును. కాని కొత్తదానిని పాతదిగా భావించి దాని మీద కట్టిన సిద్ధాంతం నిలవదు. పాత ఛాయాచిత్రాలు, తవ్వకపు నివేదికలు చేత పట్టుకొని చూడడమే ఉత్తమం.

రెండవది, పేరును ఆధారంగా తీసుకోరాదు. లక్ష్మణ దేవాలయం లక్ష్మణునిది కాదు. తీవరదేవ విహారమనే పేరు మాత్రం చూసి దానిని ఆ రాజే కట్టించాడని తేల్చరాదు. కుటీవిహారానికి మాత్రం ఆనందప్రభుని పేరును శిలయే ఇచ్చింది. ఈ భేదాన్ని ప్రతి వ్యాసంలోను పాటించాలి.

మూడవది, ఇది అన్నిటి కన్న ముఖ్యమైనది. నేడు మన ఊళ్ళలో కొత్త విహారాలు లేస్తున్నవి. పునాదిరాయి నాడు దాతలు వస్తారు, ప్రతిమ ప్రతిష్ఠ నాడు జనం వస్తారు. పదేళ్ళ తరువాత కప్పు కారిన నాడు ఎవరు వస్తారన్న ప్రశ్నను చాలా సందర్భాలలో ఎవరూ అడగరు. వాసట అడిగింది. ఆనందప్రభుడు అడిగాడు. దానపత్రంలో భిక్షువుల భోజనానికి ఒక పద్దు, జీర్ణోద్ధరణకు ఒక పద్దు, వాటిని చూసుకునే నవకమ్మికునికి ఒక స్థానం లేకపోతే, ఎంత సుందరమైన విహారమైనా రాబోయే తవ్వకందారు కోసం కట్టిన దిబ్బగా మిగిలిపోతుంది.

సిర్పుర్ కుటీవిహారంలో నేడు గదులు ఖాళీగా ఉన్నవి. కప్పు లేదు. భూమిని తాకుతున్న చేతితో బుద్ధమూర్తి మాత్రం గర్భగృహంలో కూర్చుండే ఉన్నది. రోజూ బియ్యం కొలిచి ఇచ్చిన చేయి ఆగిన తరువాతనే ఆ గదులు ఖాళీ అయినవన్న ఎరుకతో ఆ అంగణంలో నిలిచినవాడు, తన ఊరి విహారానికి తిరిగి వచ్చి మొదట దాని కప్పును, తరువాత దాని వంటశాలను చూస్తాడు.